మూడు గీతలు, నడుమ సందు

నిజామాబాద్‌లో ఒక ఏడాది పాటు నాకు పేరు లేదు. "బంద్ చేసినామె" అనేవారు. ఖలీల్‌వాడి సందులో నా చిన్న దుకాణానికి ప్రింటర్ పట్టుకొని వచ్చినవాళ్లు, నేను రంగుపొడి నింపుతుంటే నా మొహంలోకి తేరిపార చూసి, "అక్కా, గోదాంల కంప్యూటర్ బంద్ చేసింది నువ్వేనా?" అని అడిగేవారు. అడగడానికి జనానికి సిగ్గెక్కడుంటుంది? నేను డబ్బా మూత బిగించేదాన్ని. లోపల మాత్రం, నీకూ ఒక రోజు వస్తుందిరా, నా చేతిలోనే వస్తుంది అని తిట్టుకునేదాన్ని. ఆ తిట్టు అడిగినవాడికి కాదు, నా నెత్తిన ఆ పేరు పెట్టినవాడికి.

ఇప్పుడు వాడు అని రాస్తున్నాను గానీ, అప్పట్లో నోరారా "అన్న" అని పిలిచేదాన్ని. మా దగ్గర ఆఫీసుల్లో సార్లు తక్కువ. పైవాడు అన్న, కిందిది చెల్లె. చాయ్ తెచ్చుకున్నా, తిట్లు తిన్నా ఆ వరసతోనే. నాకు పని నేర్పింది కూడా కొంత వాడే, ఆ మాట కాదనను. అందుకే కడుపు ఇంకా ఎక్కువ మండింది.

బోధన్ రోడ్డు మీద ఒక ప్రైవేటు గోదాం ఉంది. పసుపు కాలంలో నందిపేట్, నవీపేట్ వైపు రైతులు అక్కడ కుప్పలు పోస్తారు. వ్యాపారులు కుప్ప కుప్పకూ తిరిగి, కొమ్ము విరిచి, వాసన చూసి, ఫోన్లలో వేలం పాట పాడతారు. ఏ కుప్పకు ఎవరి పాట ఎంత దాకా వచ్చిందో గోడ మీది పెద్ద బోర్డులో కనబడుతుంది. ఆ బోర్డును నడిపే కంప్యూటర్ గదిలో మేమిద్దరమే ఉండేవాళ్లం, అన్నా నేనూ. ఓనరు వర్ని వైపు క్యాంపు మనిషి. తాతల నాడు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద పొలాలు చేసుకున్న ఇల్లు. మనిషి మంచివాడే, కాకపోతే చెవులు మెత్తన. ముందు ఎవరు చెబితే అదే నిజం ఆయనకు.

గదిలో ఉన్నది ఒకటే పెద్ద పెట్టె. దాని లోపల ఇనుమూ తీగా లేకుండా, ఉత్త సాఫ్ట్‌వేర్‌తో కట్టిన యంత్రాలు కొన్ని నడిచేవి. వర్చువల్ మెషిన్లు అంటారు. ఒకే ఇంట్లో వేరు పొయ్యిలు పెట్టుకొని ఎవరిది వాళ్లు వండుకునే అన్నదమ్ముల్లాంటివి. వాటిలో లినక్స్ మీద నడిచే ఒక యంత్రం పాటలన్నీ రాసుకునేది. దానికొక గుణం ఉంది. అది నడుస్తుండగా మనం బయటినుంచి కొత్త డిస్కు తగిలిస్తే, తనంతట తాను తల తిప్పి చూడదు. తగిలించానని పెట్టె అంటుంది, నాకేం కనబడలేదని యంత్రం అంటుంది. దాన్ని ఆపకుండానే, పోయి వెతుకు అని చెప్పే ఒక ఉపాయం ఉంది. అది తెలియనివాళ్లు రీస్టార్ట్ కొడతారు. నిద్ర లేచేటప్పుడు అది చుట్టుపక్కల ఏమేం ఉన్నాయో అన్నీ తడుముకుంటుంది కాబట్టి, అప్పుడు కొత్త డిస్కు దొరుకుతుంది.

ఆ సంవత్సరం పసుపు పాట మంచి జోరు మీద ఉండగా పాత డిస్కు నిండిపోయింది. పొద్దుటి నుంచి పాడిన పాటలు డిస్కు మీదికి ఎక్కలేక యంత్రం జ్ఞాపకంలోనే నిలబడిపోయాయి. అన్న కొత్త డిస్కు తగిలించాడు. యంత్రం చూడలేదు.

"జర ఆగు అన్న," అన్నాను. "బంద్ చెయ్యకుంటనే సూపియ్యొచ్చు. బంద్ చేస్తే పొద్దుటి పాటలన్ని పోతయ్. నేను సూస్త."

అంతలో ఓనరు బోర్డు దగ్గరికి రమ్మని కేకేశాడు. వెళ్లి తీగలు చూసి, బోర్డులో ఏం లేదు, లోపలే ఉంది అని చెప్పి తిరిగి వచ్చేసరికి గదిలో తెర నల్లగా ఉంది. అన్న కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గర నిలబడ్డాడు, వానొస్తుందేమో చూస్తున్నవాడిలా.

డిస్కు కనబడింది, కాదనను. పాటలు మాత్రం గంగలో కలిశాయి. పైగా యంత్రం తన ఫైళ్లన్నీ ఒక్కొక్కటే తరచి చూసుకుంటూ సాయంత్రం దాకా కూర్చుంది. వ్యాపారులు విసుగెత్తి వెళ్లిపోయారు. మర్నాడు మళ్లీ పాట పెడితే ధర పడిపోయింది. ముందు రోజు మంచి పాట పలికిన కుప్పల్లో మా బాపుది కూడా ఉంది.

ఓనరు గదిలోకి వచ్చి, "ఎవరయ్యా దీన్ని ఆపింది?" అని అరిచాడు. నేనింకా నోరు తెరవలేదు. అన్న నా వైపు చూడనైనా చూడకుండా, "చెల్లె మీ దగ్గర్నుంచి రాంగనే రీస్టార్ట్ కొట్టింది సార్. నేను వద్దనే చెప్పిన," అన్నాడు.

దొంగే దొంగా దొంగా అని అరవడమంటే అదే. నేను కాదండీ, నేను బయట ఉన్నానండీ అని మొత్తుకున్నాను. మొత్తుకునేవాళ్ల మాట ఎవరు నమ్ముతారు? వాడు నింపాదిగా చెప్పాడు, నేను ఏడుస్తూ చెప్పాను. "రేపట్నుంచి రావద్దమ్మా," అన్నాడు ఓనరు. గది బయట నిలబడ్డ రైతులంతా విన్నారు. పొద్దుగూకేలోపు ఆ మాట నందిపేట్ దాకా పాకింది.

ఇదంతా ఒక ఎత్తు. ఆ రాత్రి అన్నం దగ్గర మా బాపు అన్న మాట ఒక ఎత్తు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది, ఎదురు తిరిగి పోట్లాడేదాన్ని. బాపు నా పళ్లెంలో ఇంత కూర ఎక్కువ వేసి, "పోనీ తీ బిడ్డా. తెల్వక ఏదో ఒత్తినవ్. ఎవ్వలకైనా అయితది," అన్నాడు.

"నేను ఒత్తలే బాపు. నేను గదిలనే లేను."

"సరే సరే. తిను."

నేను చేయని తప్పుకు నా కన్నతండ్రి నన్ను మాఫ్ చేసేశాడు! అంతకన్నా అవమానం ఉంటుందా? ఆ తర్వాత ఎన్నిసార్లు చెప్పబోయినా అదే నవ్వు, అదే సరే సరే. నా ఉద్యోగం పోయినందుకు కాదు, ఆ సరే సరే వినాల్సి వచ్చినందుకు నేను వాడి మీద పగబట్టాను. మా బాపు నోటితో, ఒత్తింది నా బిడ్డ కాదు అనిపించాలి. ఆ నిజం వాడి నోటి నుంచే పుట్టాలి. నేను చెబితే ఎవరూ వినరని తేలిపోయింది కదా.

నిజామాబాద్‌లో ఇంకెవరూ పనివ్వలేదు. చిన్న ఊరు, పెద్ద నోళ్లు. దుకాణం పెట్టుకున్నాను. వేళ్లకు నల్లరంగు ఎంత రుద్దినా పోయేది కాదు.

మళ్లీ పసుపు కాలం వచ్చింది. ఒక పొద్దున ఫోన్ మోగింది. వాడే.

"చెల్లె, నీ కాల్మొక్త. మస్తు పరేషాన్‌ల ఉన్న. మల్ల డిస్కు నిండింది. కొత్తది పెట్టిన, కనవడ్తలేదు. బంద్ చెయ్యకుంట సూపియ్యొచ్చని అప్పుడు అన్నవ్ గద, గదేందో జర చెప్పు."

చూడండి వాడి నోరు! ఏడాది తర్వాత కూడా నేనన్న మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది వాడికి. మరి ఓనరు ముందు ఎందుకు గుర్తు రాలేదు? నాకు ఒళ్లు భగ్గుమంది, అదే క్షణం ఎక్కడ లేని చల్లదనమూ వచ్చింది. ఇలాంటి రోజు కోసమే కదా నేను దేవుడికి మొక్కింది. ఫోన్లో చెబితే ఒక్క మాట పని. కానీ బాపు ఆ పొద్దున్నే ఊరివాళ్లతో కలిసి పసుపు బండిలో వేసుకొని ఆ గోదాంకే వెళ్లాడని నాకు తెలుసు.

"ఫోన్ల సమజ్ కాదు సార్. నేనే వస్త," అన్నాను.

సార్ అన్నది వాడి చెవికి ఎక్కిందో లేదో. స్కూటీ తీశాను.

గోదాంలో బోర్డు కదలకుండా నిలిచిపోయి ఉంది. వ్యాపారులు గుంపుగా చేరి గోల చేస్తున్నారు. ఒక మరాఠీ వ్యాపారి ఏమైందని ఎదురుపడ్డవాడినల్లా తన భాషలో "కాయ్ ఝాలం?" అంటూ అడుగుతున్నాడు. బాపు తన కుప్ప పక్కనుంచి నన్ను చూసి గబగబా వచ్చాడు.

"నువ్వెందుకొచ్చినవ్ బిడ్డా? దాన్ని ముట్టకు. మల్ల బద్నాం అయితవ్."

బాపు ప్రేమగానే అన్నాడు. ఆ ప్రేమకు నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. "ముట్ట బాపు. నువ్వు గుడ రా, సూద్దువు," అన్నాను. నా వెనకే గది గుమ్మం దాకా వచ్చి, మిగతా రైతులతో పాటు అక్కడే నిలబడ్డాడు.

లోపల అన్న కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఓనరు వాడి పక్కనే నిలబడి రుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. నన్ను చూడగానే అన్న కుర్చీ వెనక్కి లాగి, "రా చెల్లె, కూసో, జల్ది," అన్నాడు.

"నేను ముట్ట సార్. నేను ముట్టితె బంద్ అయితది గద, మీరే చెప్పిన్రు. మా బాపు గుడ ముట్టద్దనే అన్నడు. మీరు కూసోండి, నేను చెప్త."

"గిదేంది చెల్లె, సార్ అంటున్నవ్?"

"కూసోండి సార్."

అన్న అని పిలిచిన నోటితో సార్ అంటే మా దగ్గర చెంపదెబ్బ కిందే లెక్క. వాడి మొహం మాడిపోయింది. ఓనరుకు అదేం తెలియదు. "కూర్చోవయ్యా, ఆ అమ్మాయి చెప్తానంటోందిగా," అన్నాడు. వాడు కూర్చున్నాడు.

ఏ ఫోల్డర్‌లోకి పోవాలో, దాని లోపల స్కాన్ అనే ఫైలు ఎక్కడుంటుందో ఒక్కొక్కటే చెప్పాను. చెప్పినట్టే పోయాడు. ఇక మిగిలింది ఆ ఫైల్లోకి మూడు అడ్డగీతలు పంపడమే. ఆ మూడు గీతలూ మూడు వేరువేరు మాటలు. ఏ దారినైనా సరే, ఏ గుమ్మమైనా సరే, ఏ నంబరైనా సరే వెతుకు అని దాని అర్థం. అందుకే గీతకూ గీతకూ మధ్య సందు వదలాలి. కలిపి కొడితే అది ఒకటే మాటవుతుంది. యంత్రం ఒప్పుకోదు. ఒప్పుకోదు గానీ ఏ నష్టమూ జరగదు. పాటలు ఎక్కడివక్కడే ఉంటాయి.

"దాంట్లకు మూడు అడ్డగీతలు పంపుండ్రి సార్," అన్నాను. సందు మాట ఎత్తలేదు. అవును, కావాలనే ఎత్తలేదు.

కలిపి కొట్టాడు. ఇచ్చిన మాట చెల్లదని తెర మీద వచ్చింది.

"తప్పంటున్నది చెల్లె."

"మల్ల కొట్టుండ్రి సార్."

మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే. పైసారి ఒక్కొక్క గీతనూ వేలితో గట్టిగా పొడిచాడు, గట్టిగా కొడితే యంత్రం భయపడుతుందన్నట్టు. ఓనరు ఒంగి తెరలోకి చూసి, "ఏవిటయ్యా ఇది, మూడు గీతలు గీయడం రాదా నీకు?" అన్నాడు. గుమ్మం దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. వాడి చొక్కా వీపుకు అంటుకుపోయింది. నాకు జాలి వేసిందని రాస్తే మీరు నన్ను మంచిదాన్ని అనుకుంటారేమో. వేయలేదు. చూడ్డానికి ఎంతో హాయిగా ఉంది.

"గీ గీతలతోని కాదు," అని విసుక్కున్నాడు వాడు చివరికి.

అప్పుడు అడిగాను, చాలా మామూలుగా, పని మాట అడిగినట్టే. "పోయినేడు గిట్లనే అయినప్పుడు, రీస్టార్ట్‌కు ముందల తెర మీద ఏమన్న వచ్చిందా సార్? యాద్ చెయ్యుండ్రి, పనికొస్తది."

వాడి కళ్లు తెర మీదే ఉన్నాయి, చేతులు కీబోర్డు మీద ఉన్నాయి. ధ్యాసంతా డిస్కు మీదే.

"ఏం రాలే. రెండు మూడుసార్లు సూసిన, కనవడలే. ఇగ రీస్టార్ట్ కొట్టిన. తెర నల్లగైంది, మల్ల లేవంగనే డిస్కు కనవడ్డది."

ఓనరు కదల్లేదు. ఆయన తప్పు కాదు. మా వైపు ముందు నేను అనకుండా ఉత్త "కొట్టిన" అన్నా, నేను కొట్టాను అనే అర్థం. ఇంట్లో ఇప్పటికీ కోస్తా యాసే నడిచే ఆయన చెవికి అది సగం మాట. కొట్టినప్పుడా, కొట్టిన మనిషా, ఇంకేదో రావాలి కదా అన్నట్టు తల ఊపుతూ నిలబడ్డాడు. నేను గుమ్మం వైపు చూశాను.

బాపు లోపలికి వచ్చేశాడు. కంప్యూటర్ గదిలో ఆయన అడుగుపెట్టడం అదే మొదటిసారి. చెప్పులు బయట విడిచి మరీ వచ్చాడు.

"ఏమంటివి బిడ్డా?" అని వాడినే అడిగాడు. "కొట్టింది అంటివా, కొట్టిన అంటివా?"

వాడు వెనక్కి తిరిగాడు. తేలు కుట్టిన దొంగ మొహం ఎలా ఉంటుందో ఆ రోజు చూశాను. "అంటే... గది... కాక, నేననేది ఏందంటే..." అని నసిగాడు.

"కొట్టిన అన్నడు," అన్నాడు బాపు, ఈసారి గుమ్మంలో ఉన్నవాళ్లతో. "ఇన్నరు గదనే మీరు గుడ?"

"ఇన్నం," అన్నారు ఇద్దరు ముగ్గురు.

ఓనరు అయోమయంగా అందరినీ చూసి, "ఏంటయ్యా, ఏవైంది? కొట్టిన అంటే?" అన్నాడు.

బాపు ఆయన వైపు తిరిగి, చిన్నపిల్లలకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. "మీ తీరుగ చెప్పాలంటె సార్, 'నేనే కొట్టాను' అన్నడు. నా బిడ్డ కాదు. వీడు."

ఓనరు మొహం ఎర్రబడింది. వాడు కుర్చీలోంచి సగం లేచి నా చేతులు పట్టుకోబోయాడు. నేను వెనక్కి జరిగాను.

"చెల్లె, మాఫ్ చెయ్యి. నౌకరి పోతదని భయపడ్డ. పిల్లలున్నరు చెల్లె."

"నాకు గుడ నౌకరే ఉండె సార్," అన్నాను. "మీ చేతులు కీబోర్డు మీద పెట్టుండ్రి. బయట జనం ఆగిన్రు. గీత, సందు. గీత, సందు. గీత. నడుమ సందు ఇడువకుంటె అది వినదు."

వాడు మళ్లీ కూర్చున్నాడు. గీత, సందు, గీత, సందు, గీత కొట్టాడు. యంత్రం కిక్కురుమనలేదు. తప్పన్న మాట రాలేదంటే ఒప్పుకున్నట్టే. డిస్కుల పట్టీ అడిగితే పాతదాని కింద కొత్తది వచ్చి కూర్చుంది. ఆ జాగాను పాతదానికి కలపడం వాడికి వచ్చు, కలిపాడు. ఏదీ ఆగలేదు, ఏదీ పోలేదు. బయట బోర్డు కదిలింది, జనం హో అని అరిచారు. పొద్దుటి పాటలన్నీ ఒక్కటి పోకుండా ఉన్నాయి, మా బాపు కుప్పదీ ఉంది.

వాడు నా వైపు తిరిగి, మెల్లగా, "సందు సంగతి ముందుగాల్నే ఎందుకు చెప్పలే?" అన్నాడు.

"మీరు గుడ పోయినేడు మస్తు సంగతులు చెప్పలే సార్."

ఓనరు వాడితో, "నీ సంగతి సాయంత్రం చూస్తా," అన్నాడు. తర్వాత నాతో, గొంతు తగ్గించి, "పొరపాటైపోయిందమ్మా. రేపట్నుంచి వచ్చేయ్," అన్నాడు.

"వస్తానండీ. ఆయన వెళ్లిపోయాక వస్తాను," అన్నాను. పిల్లలున్నవాడి ఉద్యోగం తీయించావు కదా అని తర్వాత కొందరు నన్ను దెప్పారు. దెప్పనీ. ఏడాది పాటు నన్ను నలుగురిలో నిలబెట్టినప్పుడు ఈ దయగల నోళ్లన్నీ ఎక్కడున్నాయి?

బయటికి వచ్చాక బాపు వంగి చెప్పులు తొడుక్కున్నాడు.

"నాకెందుకు చెప్పలే బిడ్డా?" అన్నాడు.

"చెప్పిన బాపు. నువ్వే ఇనలే."

బాపు భుజం మీది తువ్వాల తీసి, దులిపి, మళ్లీ వేసుకున్నాడు. కుప్పల మధ్యకు నడిచాడు. తన కుప్ప దగ్గరికే పోతున్నాడనుకున్నాను. తన కుప్ప దాటేశాడు. పక్క కుప్ప దగ్గర మా ఊరాయన కూర్చుంటే అక్కడ ఆగి, గట్టిగా, అందరికీ వినబడేట్టు, "ఏమే, పోయినేడు కంప్యూటర్ బంద్ చేసింది నా బిడ్డ కాదు. లోపలున్నడు సూడు, గాడు. వాని నోటితోనే ఒప్పుకున్నడు," అన్నాడు. ఆ తర్వాత కుప్ప, ఆ పైది. ప్రతి కుప్ప దగ్గరా ఆగాడు, అదే మాట చెప్పాడు. ఎవరైనా పోనీ తీయ్, అయిపోయిన ముచ్చట అంటే, "ఎట్ల పోనిస్త?" అని వాళ్ల మీద విరుచుకుపడ్డాడు. ఇంతలో మైకులో ఆయన కుప్ప నంబరు పిలిచారు. వెనక్కి తిరిగి చూడలేదు.

నేను వెనకే నడుస్తున్నాను. ఎండకు ఆయన మెడంతా చెమట కారుతోంది, చెప్పీ చెప్పీ గొంతు బొంగురుపోయింది. సగం గోదాం దాటాక ఆగి నా వైపు తిరిగాడు. ఇది చాలా బిడ్డా? అన్నట్టు చూశాడు.

"నవీపేటోళ్లు గా కొసకున్నరు బాపు," అన్నాను. "వాళ్లకు గుడ చెప్పు."